చెరువుకట్టయు, చట్టమును, న్యాయమూర్తులును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



న్యాయశాస్త్రమనగా పట్టణములలో నల్లకోటు ధరించువారి సొత్తని పల్లెలయందొక తలంపు కలదు. నీటిని గూర్చి రాయలసీమలోను, ఇతర తెలుగు జిల్లాలలోను పుట్టిన వ్యాజ్యములు కొన్ని సముద్రములు దాటి లండను నగరము వరకు పోయినవి. అచ్చటి న్యాయమూర్తులు చెప్పిన మాట వలన చెరువుకట్టలు నిలిచినది ఒక పర్యాయము. శాసనములో నాలుగు మాటలు చేర్చుట వలన మెట్టభూమిపై తీరువ పడినది వేరొక పర్యాయము. ఈ రెండు కథలును రైతులు ఎరుగదగినవి.

కథ కోర్టులో గాక ఒక శిలాశాసనముతో మొదలు పెట్టుట ఉచితము. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము శక సంవత్సరము 1291 నాటిది, అనగా క్రీస్తు శకము 1369. మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడను నామాంతరము గల భాస్కరుడు ఉదయగిరి సీమను పాలించుచు ఆ చెరువు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిరని అందున్నది. అంతకంటె విలువైన సంగతి మరొకటి కలదు. మంచి చెరువునకు 12 అంగములు ఉండవలెనని, 6 దోషములు ఉండరాదని సంస్కృత శ్లోకములలో చెక్కించిరి. పాలకుడు ధర్మబుద్ధి కలవాడు కావలెను. జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు ఉండవలెను. నేల గట్టిబంకమట్టి కావలెను. కొండల నడుమ నుండి తీయని నీటి యేరు రావలెను. కట్ట మిక్కిలి పొడవు కాక దృఢముగా నుండవలెను. చేరువనే రాతిగని ఉండవలెను. పని తెలిసిన వడ్డెర సమూహము వంటి జనము ఉండవలెను. ఈ రీతిని పండ్రెండును సాగినవి. ఇది పూర్వుల ఇంజనీరింగు చట్టమనిన తప్పు లేదు.

ఇక దోషములు. చెరువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండరాదు. నేల చవుడు కారాదు. చెరువు నడుమ మిట్ట ఉండరాదు. నీరు కొంచెమై ఆయకట్టు విస్తారముగా నుండుటయు, నీరు విస్తారమై నేల కొంచెముగా నుండుటయు దోషములే. వీటన్నిటికంటె ముందు లెక్కించిన దోషము కట్టనుండి నీరు ఊరుట. ఈ ఊటను సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను. సుమారు 530 ఏండ్ల తరువాత అది వేరొక వేషమున రాబోవుచున్నది.

చెరువు కట్టించుట ఒక్క తరము పని. కాపాడుట అన్ని తరముల పని. అందులకే ఈ సీమలో దశబంధ మాన్యములు ఏర్పడెను. చెరువు కట్టినవానికో, మరమ్మతు భారము వహించినవానికో ఆయకట్టులో కొంత భూమి మాన్యముగా నిచ్చుట ఆచారము. మాన్యము అనుభవించువాడు కట్టకు గండి పడకుండ చూడవలెను. నిజాము నుండి 1800లో దత్తమండలములు ఇంగ్లీషు కంపెనీకి వచ్చినపుడు కడపసీమలో ఇట్టి మాన్యములు అనేకములుండెను. కర్నూలు 1839లో కంపెనీ వశమైనది. మదరాసు రాజధాని కొరకు 1858లో మొదటి చట్టమును చేసి, వరదకాలమున కట్టకు ముప్పు కలిగినపుడు గ్రామస్థులు గడ్డపార, గంప పట్టుకొని రావలెనను పాత ఆచారమునకు చట్టబలము కల్పించిరి. ఆ వంతుపని రానివానిని దండించు మార్గమును అందు చూపిరి. వ్రాయని ధర్మము వ్రాతలోని కెక్కుట ఈ విధముగా మొదలాయెను.

ఇప్పుడు కార్వేటినగరము కథ. ఆ జమీందారీ అప్పటికి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. తరువాత 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరెను. మదరాసు రైల్వే కంపెనీ వారి ఇనుపదారి ఆ జమీందారీ మీదుగా పోయినది. ఆ కంపెనీ వారే రేణిగుంట, కడపల మీదుగా దారిని సాగించి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిపిరి. ఒక పర్యాయము అసాధారణమైన వాన కురిసెను. జమీందారీలోని చెరువులు తెగెను. నీరు పోయి రైలుకట్టను, వంతెనలను పాడుచేసెను. కంపెనీ వారు జమీందారుపై నష్టపరిహారమునకు దావా వేసిరి.

వారి చేతిలోనున్న ఆయుధము క్రొత్తది. ఇంగ్లండులో లాంకషైరు ప్రాంతమున రైలాండ్సు అను మిల్లు యజమాని తన మిల్లు కొరకు ఒక జలాశయము కట్టించెను. నేల అడుగున పాత గని దారులున్నవి. ఆ సంగతి అతడెరుగడు. నీరు ఆ దారుల వెంట పోయి పొరుగున ఫ్లెచరు అనువాని బొగ్గుగనిని ముంచెను. ఆ వ్యాజ్యమున 1866లో బ్లాక్‌బరను న్యాయమూర్తి, 1868లో ప్రభువుల సభలో కెయిరన్సు ప్రభువు చెప్పిన న్యాయము దేశదేశముల ప్రసిద్ధి కెక్కినది. దాని సారమిది: తన నేలలో స్వభావముగా లేని అపాయకర వస్తువును తెచ్చి నిలువ చేసినవాడు, అది తప్పించుకొని పోయి పొరుగువానికి నష్టము చేసినచో, తన అజాగ్రత్త లేకపోయినను ఇచ్చుకొనవలసినదే. పులిని పెంచినవాడు గొలుసు ఎంత గట్టిదని చెప్పినను పొరుగువాని మేకకు వెల ఇచ్చుకొనవలెను గదా. నీరును అట్టిదే యని వారి మాట.

రైల్వే కంపెనీ వారి వాదము సూటియైనది: నీరు జమీందారుది, కట్ట జమీందారుది, నీరు తప్పించుకొనెను, మా దారి పోయెను, వెల ఇమ్ము. జమీందారు కట్టను సరిగా కాపాడుచుండెనని, తెగుటకు కారణము అసాధారణమైన వరదయని ఇచ్చటి న్యాయస్థానములు తేల్చి, దావాను కొట్టివేసెను. కంపెనీ వారు అంతటితో ఊరకొనక ప్రీవీ కౌన్సిలుకు పోయిరి.

ఈ వ్యాజ్యమున నిజముగా పణమొడ్డబడినది జమీందారు ధనము కాదు. కంపెనీ గెలిచియుండిన పక్షమున ఏమగునో ఊహింపుడు. ఏటా ముప్పది అంగుళములు కూడ నిండని వాన, అదియు కొన్ని వారములలో కురిసి పోవునది, కడప కర్నూలు సీమల బ్రదుకు. ఆ నాలుగు వానలను పట్టి నిలుపునది చెరువు. తెగిన ప్రతి కట్టకును, దిగువనున్న ప్రతి నష్టమునకును చెరువు గలవాడు వెల ఇచ్చుకొనవలెనన్నచో, జమీందారు గాని, దశబంధదారు గాని, కడకు సర్కారు గాని కట్టకు మట్టి పోయుటకు సాహసింతురా? మరవ ఎత్తు తగ్గించి, నీరు నిలువకుండ చేసికొని నిశ్చింతగా నుందురు. లాంకషైరులో వాన పన్నెండు మాసములును కురియును. అచ్చట మిల్లు జలాశయము ఒకని లాభము కొరకే. చెరువు నిండి మరవ పారినపుడు గంగమ్మకు పొంగలి పెట్టు దేశమునకు ఆ కొలబద్ద సరిపడదు.

ప్రీవీ కౌన్సిలు న్యాయమూర్తులు 1874లో తీర్పు చెప్పిరి. రాయలసీమ చెరువుకట్టపై కాలు పెట్టనివారు ఈ సంగతిని గ్రహించుట మెచ్చదగినది. వారు చెరువును మిల్లు యజమాని జలాశయముతో పోల్చుటకు ఒప్పుకొనలేదు. ఈ దేశపు చెరువులు చరిత్రకందని కాలము నుండి వచ్చుచున్నవని, హిందూ మహమ్మదీయ ప్రభువులును, కంపెనీ వారును వానిని గుర్తించిరని, ప్రజల ప్రాణములు వానిపై ఆధారపడియున్నవని వారి తీర్పు భావము. మదరాసు ప్రజాపనుల విచారణ సంఘము వారి లెక్కలను తీర్పులో చూపిరి. 14 జిల్లాలలో బాగుగా నున్న చెరువులు 43,000; పాడుపడినవి 10,000; మొత్తము 53,000. ఒక్కొక్క కట్టకు అరమైలు చొప్పున లెక్క కట్టినను 26,000 మైళ్లకు మించును. చెరువునకు తూములు, మరవలు మొదలగు రాతికట్టడములు ఆరు చొప్పున మూడు లక్షలు దాటును. ఇంత కట్టడము ఒక్క రాజు ఆజ్ఞతో జరిగినది కాదు, ఊరూర జరిగినది.

తీర్పులోని కీలకము మరొకటి. చెరువు ఉంచుకొనుట జమీందారునకు హక్కు మాత్రమే కాదు, విధి కూడ. తలచుకొన్నను అతడు చెరువును పూడ్చివేయజాలడు. దానిపై వేల రైతుల బ్రదుకున్నది. పూడ్చుటకు అధికారము లేనివానిని, ఉంచినందుకు దండించుట ఎట్లు? కావున అజాగ్రత్త చేసినపుడే బాధ్యత. చేయవలసిన మరమ్మతు చేసినవానికి లేదు. ఇట్టివాని స్థితి శాసనము చేత అధికారమును, విధిని పొందినవాని స్థితి వంటిదని వారు నిర్ణయించిరి. ఇచ్చట ఒక చమత్కారమున్నది. ఇంగ్లండులో రైలింజను నిప్పురవ్వలు పడి అడవి కాలిన వ్యాజ్యమున, పార్లమెంటు అనుమతితో ఇంజను నడుపు కంపెనీ అజాగ్రత్త లేనిచో బాధ్యము కాదని 1860లోనే తీర్పు వచ్చియుండెను. రైలు కంపెనీలను కాపాడిన ఆ న్యాయమే, రైలు కంపెనీ వేసిన దావానుండి చెరువును కాపాడెను.

ఈ తీర్పునకై చట్టసభ కూర్చుండలేదు, బిల్లు రాలేదు. ఇంగ్లీషు న్యాయమును ఈ నేలకు సరిపడునట్లు న్యాయమూర్తులే దిద్దిరి. చట్టసభ వారు దిద్దిన చోట్ల కథ ఇంత సుఖముగా నడువలేదు.

నీటిపన్ను శాసనము 1865లో ఏడవ చట్టముగా వచ్చెను. పెద్ద కాలువలకు, ఆనకట్టలకు సర్కారు ధనము ఖర్చగుచున్నది గనుక, ఆ నీరు పారిన భూమిపై భూమిశిస్తు గాక వేరొక పన్ను వసూలు చేయుట దాని ఉద్దేశము. గ్రామ లెక్కలలో తీరువజాస్తి అను పద్దు దీని సంతానమే. ఆనాడే కర్నూలు సీమలో కాలువ త్రవ్వుచుండిరి. సర్ ఆర్థరు కాటను ప్రోత్సాహముతో లండనులో స్థాపింపబడిన మదరాసు ఇరిగేషను కంపెనీకి పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వమే పూచీ నిచ్చెను. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట, కర్నూలు వద్ద హిందరి నది మీదుగా కాలువ, అచ్చటినుండి కడప వరకు సుమారు 190 మైళ్లు. వడ్డీకి పూచీ ఉన్నవాడు ఖర్చు తగ్గించునా? ఆశించిన ఆయకట్టు రాలేదు. రేగడి నేలలో జొన్న, కొర్ర పండించు రైతు, వాన కురిసిన యేట నీటికి రూక ఇచ్చుటకు ఇష్టపడడాయెను. ఎల్లకాలము నీరు పెట్టినచో ఆ నేల జౌకెక్కునని అతని భయము, అది నిరాధారమును కాదు. కడకు 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనెను. 1865 శాసనము సర్కారునకు చెందిన, లేక సర్కారు కట్టిన నీటి ఆధారములకే గనుక, కంపెనీ కాలువ ప్రభుత్వము చేతికి వచ్చుటతో ఆ శాసనపు మాటలు ఈ సీమ రైతునకు మరింత దగ్గరకు వచ్చెను.

ఆ మాటలు రెండు: నీరు "ఇయ్యబడిన", లేక "వాడుకొనబడిన" యెడల పన్ను. వినుటకు సులభములు. రైతు తూము తెరిచి నీరు పెట్టుకొన్నచో చిక్కు లేదు. కాలువగట్టు నుండి ఊరిన నీరు దిగువ మెట్టచేనిలోనికి తానుగా వచ్చినచో? పైమడి నుండి జారిన నీరు క్రింది మడిని తడిపినచో? ఆ రైతు నీరు అడుగలేదు, తూము తీయలేదు, నీరుగంటిని పిలువలేదు. "వాడుకొనుట" యనగా మనిషి చేయు పని యని అర్థము చెప్పినచో పన్ను లేదు. నీటి వలన ఫలము పొందుటయే వాడుకొనుట యన్నచో పన్ను ఉన్నది. ఒక్క క్రియాపదము మీద వేల ఎకరముల తీరువ వ్రేలాడెను.

ఈ సందేహమును తీర్చుటకు 1900లో అయిదవ చట్టముతో శాసనమును సవరించిరి. నేరుగా గాని, చుట్టు త్రిప్పి గాని పారిన నీరును, ప్రక్క భూమి నుండి ఊరిన నీరును, మురుగుగా దిగిన నీరును పన్ను పరిధిలోనికి తెచ్చిరి. అట్టి నీరు ముందొక కుంటలో చేరి పిమ్మట పొలమునకు పారినను తప్పించుకొన వీలులేకుండ చేసిరి. పోరుమామిళ్ల శిలపై మొదటి దోషముగా చెక్కబడిన ఊట, 1900లో సర్కారునకు ఆదాయ మార్గమాయెను! తన కుండ కారి పొరుగింటి అరుగు తడిసినచో, తడిపినందుకు కూలి అడిగినట్లున్నది.

అయినను న్యాయముగా మాటాడవలెనన్న రెండవ ప్రక్కయు చూడవలెను. ఊటనీటితోనే ఏటా వరి పండించుకొను చేను ఒకటి, దాని ప్రక్కనే తూమునీటికి తీరువ కట్టుచు వరి పండించు చేను ఒకటి ఉన్నచో, రెండవవాడు ఊరకుండునా? సవరించినవారును ఒక కట్టుబాటు పెట్టిరి. ఆ నీరు పంటకు మేలు చేయునదియు, పంట అవసరమునకు చాలునదియు అయియుండవలెను. కొర్రచేనిని జౌకు చేసి చెరిచిన ఊటకు పన్ను లేదు. రెండు తడులకే చాలి, మిగత పంటను వానకు వదలిన ఊటకును లేదు. మాటలు మంచివే. కాని చాలినదా, మేలైనదా యని నిర్ణయించువాడెవడు? రెవెన్యూ అధికారి. పన్ను వేయువానికే, పన్ను తగునా లేదా అను విచారణయు అప్పగింపబడినది. ఈ సవరణలోని అసలు లోపము ఇదియే. ఊటకు పన్ను వేయుట కంటె, ఊట చాలినదని పన్ను వేయువాడే చెప్పుట రైతునకు ఎక్కువ బాధ కలిగించెను. అజమాయిషీకి వచ్చిన అధికారి పుష్యమాసమున పచ్చని చేనును చూచి వ్రాసికొన్నది, మాఘమున ఎండిన చేనికిని వర్తించుచుండును. కరణము అడంగలులో ఏ మాట వ్రాసెనో దానిపై జమాబందీలో రైతు మాట నిలుచుటయో వీగుటయో జరుగుచుండెడిది. 1984లో కరణముల ఉద్యోగమే రద్దయినది. ఆ పాత అడంగళ్ల విలువ మాత్రము తరువాతను వ్యాజ్యములలో తగ్గలేదు.

శాసనమున మినహాయింపు ఒకటి కలదు. జమీందారు గాని, ఇనాముదారు గాని, రైతువారీ కాని మరియొక భూస్వామి గాని, ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక వలన ప్రత్యేక రుసుము లేకుండ నీరు వాడుకొను హక్కు కలవాడైనచో, ఆ మేరకు పన్ను లేదు. ఈ ఒక్క వాక్యము మీద ఉర్లాము జమీందారీ వారు గొప్ప వ్యాజ్యము నడిపిరి. ఉర్లాము నేటి శ్రీకాకుళము జిల్లాలోనిది, నీరు వంశధారది. శాశ్వత పైసలాకు పూర్వమునుండి ఉన్న కాలువల ద్వారా పారు నీటితో మునుపటికంటె ఎక్కువ భూమి సాగు చేసినందుకును, రెండవ పంట వేసినందుకును సర్కారు పన్ను వేసెను. 1917లో ప్రీవీ కౌన్సిలు వారు జమీందారీ పక్షమున తీర్పు చెప్పిరి. శాశ్వత పైసలానాడు కాలువలతో కూడ ఎస్టేటును ఇచ్చుటయే ఒడంబడికయని, కాలువ అదియే, దానిలో పారు నీరు అదియే యైనపుడు, ఆ నీటితో ఎన్ని ఎకరములు తడుపుకొన్నను వేరు పన్ను రాదని వారి నిర్ణయము.

తీర్పు న్యాయమైనదే. ఐనను కడప, కర్నూలు రైతునకు దానివలన ఒరిగినదేమి? ఈ సీమలో అధిక భాగము మన్రో దొరనాటి నుండి వచ్చిన రైతువారీ. రైతువద్ద పట్టా కలదు గాని, జమీందారు చూపినట్టి సన్నదు లేదు. ఆ మినహాయింపు మాటలలోనే "రైతువారీ కాని" అని యున్నది. తరిగా నిర్ణయింపబడిన రైతువారీ భూమికి, దానికి కేటాయించిన ఆధారము నుండియే నీరు పారినచో వేరు పన్ను లేదను రక్షణ మాత్రము కలదు. మెట్టరైతునకు అదియు లేదు. మరియొకటి గమనింపదగును. కార్వేటినగరము, ఉర్లాము రెండును జమీందారీలే. లండను వరకు వ్యాజ్యము నడుపగల ధనము వారికుండెను. నాలుగెకరముల రేగడి గలవాడు పది రూపాయల తీరువజాస్తికై మదరాసు హైకోర్టు మెట్లైన ఎక్కునా? అతని సందేహము ఎంత న్యాయమైనదైనను తీర్పుల పుస్తకమున అతని పేరు కనబడదు.

ఇతర రాష్ట్రములకు ఈ విషయమున సమగ్రమైన చట్టములు ముందే వచ్చెను. ఉత్తర హిందూస్థానమునకు 1873లో కాలువల చట్టము, బొంబాయికి 1879లో నీటిపారుదల చట్టము ఏర్పడినవి. మదరాసుకు మాత్రము ఆంగ్ల పరిపాలనాకాలమంతయు అట్టి సమగ్ర చట్టము రాలేదు. 1865 శాసనమునకు వేసిన అతుకులతోడనే కాలము గడిచెను. స్వాతంత్ర్యానంతరము 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు పోయెను. 1988లో ఆంధ్రప్రదేశ్ నీటిపన్ను చట్టము వచ్చి 1865 నాటి శాసనపు స్థానమును పొందెను. 1997 చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి.

చెరువు తెగినపుడు బాధ్యత ఎవరిదను పాత ప్రశ్న మాత్రము 1964లో ఢిల్లీలో మరల తలయెత్తెను. ఈ పర్యాయము పాత్రలు తారుమారైనవి. పంజాబులో సర్కారు కాలువకు గండిపడి ఒక వ్యవసాయ సంస్థవారి పొలమును ముంచెను. నష్టపోయినది సాగుదారు, నీరు గలది ప్రభుత్వము. ఈ దేశమున కాలువలు, చెరువులు ఉండుట నేలను సహజముగా వాడుకొనుటయే గనుక రైలాండ్సు న్యాయము వర్తింపదని సుప్రీముకోర్టువారు చెప్పిరి. అంతమాత్రమున సర్కారు తప్పించుకొనలేదు. సరిగా కాపాడబడిన గట్టు ఊరక తెగదు. తెగినదనిన అజాగ్రత్త ఉన్నదని ఊహింపవలసినదే. కాలువ మరమ్మతుకు, నీటి మట్టమునకు సంబంధించిన లెక్కల కాగితములను కోర్టులో చూపుమని అడుగగా, అవి రహస్యములని ప్రభుత్వమువారు చూపరైరి. చూపని కాగితము చూపనివానికే విరోధముగా సాక్ష్యమిచ్చునని న్యాయమూర్తులు తలంచి, సాగుదారునకు నష్టపరిహారము ఇప్పించిరి.